ఒకే బడికి మూడు రకాల హెడ్మాస్టర్లు: కొత్తగా చార్జ్ తీసుకునేవారు ఎవరి దారి పట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. స్కూల్ అసిస్టెంట్‌గా ఉన్న మీరు ప్రమోషన్ మీద జూన్‌లో ఒక జడ్పీ హైస్కూల్‌కి హెచ్ఎంగా వెళ్తున్నారు. అక్కడ మీకు ముందు ముగ్గురు పనిచేశారు. మొదటాయన గేటు దగ్గర వాచీ చూసుకుంటూ నిలబడే రకం. ఆయన ఉన్నన్నాళ్లూ టెన్త్ ఫలితాలు బాగున్నాయి, బదిలీ అయిన ఏడాదే పడిపోయాయి. రెండో ఆయన ఎవర్నీ ఏమీ అనరు, అందరికీ మంచి సారు. మూడో మేడమ్ గారు చాక్‌పీసులు కొనాలన్నా స్టాఫ్ మీటింగ్ పెట్టేవారు. వీళ్లలో ఎవరి పద్ధతి పట్టుకోవాలి అని అడిగారు. ఐదు సెక్షన్లు, పీడీ (ఆటల టీచరు)తో కలిపి తొమ్మిదిమంది టీచర్లు అని కూడా రాశారు. ఆ లెక్క ఇచ్చి మంచిపని చేశారు, కింద పనికొస్తుంది.

ముగ్గురూ వేర్వేరు మనుషుల్లా కనిపిస్తున్నారు గానీ ముగ్గురు చేసిందీ ఒకటే. ఏ పని వచ్చినా ఒకే తీరు. ఒకాయన అన్నిటికీ ఆర్డరు, ఇంకొకాయన అన్నిటికీ మౌనం, మేడమ్ గారు అన్నిటికీ మీటింగు. కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది ‘నేను కఠినంగా ఉండాలా, మెతగ్గా ఉండాలా’ అన్నది కాదు. ఏ విషయం హెచ్ఎం ఒక్కరే తేల్చేది, ఏది స్టాఫ్ అంతా కూర్చుని తేల్చేది, ఏది ఆ టీచరుకే వదిలేసేది అన్న పంపకం ముందు చేసుకోవాలి, దాన్ని స్టాఫ్‌కి నోటితో చెప్పాలి. చాలా బడుల్లో గొడవలు నిర్ణయం మీద రావు. ‘ఇది మమ్మల్ని అడగాల్సింది కదా’, ‘ఇంత చిన్నదానికి మమ్మల్నెందుకు కూర్చోబెట్టారు’ అన్న దగ్గరే మొదలవుతాయి.

మొదటాయన సంగతి చూద్దాం. ఆయన వెళ్లగానే ఫలితాలు ఎందుకు పడిపోయాయన్నదానికి పాత సమాధానమే ఉంది. అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ పదేళ్ల వయసు పిల్లల క్లబ్బుల మీద చేసిన ప్రయోగాన్ని 1939లో ప్రచురించారు. పిల్లలకు మాస్కుల తయారీ లాంటి పనులిచ్చి, పెద్దవాళ్లను ఒకచోట ఆజ్ఞలిచ్చేవారిగా, ఒకచోట పిల్లలతో కలిసి నిర్ణయించేవారిగా, ఇంకోచోట ఏమీ పట్టించుకోనివారిగా ఉంచారు. ఆజ్ఞలిచ్చేచోట పెద్దాయన ఉన్నంతసేపు పని బాగానే సాగింది. ఆయన గది దాటగానే పడిపోయింది. కలిసి నిర్ణయించినచోట ఆయన ఉన్నా లేకున్నా పెద్ద తేడా రాలేదు. పట్టించుకోనిచోట పనీ తక్కువే, నాణ్యతా తక్కువే.

మన బడిలో ఇది ఎలా కనబడుతుందంటే, హెచ్ఎం డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసుకో, చుట్టుపక్కల బడులు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కో వెళ్లిన రోజు చూడండి. ఉదయం తొమ్మిదికే స్టాఫ్ గ్రూపు పక్కన ఇంకో చిన్న గ్రూపులో ‘సారు బయల్దేరారా?’ అని మెసేజ్ పడుతుంది. మూడో పీరియడ్‌కి రెండు క్లాసుల్లో లీడర్ బోర్డు మీద మాట్లాడినవాళ్ల పేర్లు రాస్తుంటాడు. ఆ బడిలో క్రమశిక్షణ ఉన్నట్టు కాదు, కాపలా ఉన్నట్టు.

ఇంతకంటే పెద్ద నష్టం ఒకటుంది, అది కంటికి కనబడదు. తిట్టే హెచ్ఎం దగ్గరికి చెడ్డ వార్త రాదు. ఎనిమిదో తరగతిలో పన్నెండుమందికి భాగహారం రాదని లెక్కల టీచరుకి తెలుసు. చెబితే ‘ఇన్నాళ్లూ ఏం చేశావ్’ అంటారు కాబట్టి ఫార్మేటివ్ మార్కుల్లో పిల్లలందరికీ పద్నాలుగో పదిహేనో వేసేసి రిజిస్టర్ ఇస్తారు. లెసన్ ప్లాన్లు పోయినేడాదివి తేదీలు మార్చి తిరిగి రాస్తారు. హెచ్ఎం సంతకం పెడతారు. కాగితం మీద అంతా పచ్చగా ఉంటుంది. పదో తరగతి ప్రీ-ఫైనల్ దగ్గర గానీ అసలు సంగతి బయటపడదు. అప్పటికి మిగిలిన సమయం చాలా తక్కువ. ఇక నోరెత్తలేని చోట మనుషులు కలం పడతారు, డీఈఓ గారికి ఆకాశరామన్న ఉత్తరాలు ఎక్కువగా వెళ్లేది ఇలాంటి బడుల నుంచే.

అలాగని ఆజ్ఞ పనికిరాదని కాదు. కొన్ని విషయాల్లో అదొక్కటే పనిచేస్తుంది. పిల్లల్ని కొట్టకూడదన్నది చర్చించే విషయం కాదు, విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. మధ్యాహ్న భోజనం పిల్లలకు వడ్డించేముందు టీచరు రుచి చూసి రిజిస్టర్‌లో సంతకం పెట్టడం, పెచ్చులూడుతున్న గదికి తాళం వేయడం, పరీక్షలో మార్కులు దిద్దడానికి వీల్లేదనడం, డబ్బు లెక్క, మొదటి బెల్లుకి క్లాసులో ఉండటం, సీఎల్ (క్యాజువల్ లీవ్) లెటరు లేకుండా రిజిస్టర్‌లో ఖాళీ ఉంచకపోవడం. వీటిని మీటింగ్‌లో పెట్టకండి. పెడితే ఓటింగ్‌కి పెట్టినట్టే లెక్క. ‘ఇవి ఇలాగే ఉంటాయి’ అని ఒకసారి, శాంతంగా, అందరి ముందూ చెప్పండి. గొంతు పెంచక్కర్లేదు. అది మీకూ వర్తించాలి అంతే. హెచ్ఎం పదింటికి వచ్చి తొమ్మిదిన్నర గురించి మాట్లాడితే ఆ మాట అక్కడికక్కడే చచ్చిపోతుంది.

రెండో ఆయన పద్ధతి గురించి స్టాఫ్ రూముల్లో మంచిమాటే వినిపిస్తుంది. అందుకే అది మరింత ప్రమాదం. అది పైకి నమ్మకంలా కనిపిస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే గోడ మీద ఉన్న టైంటేబుల్ ఒకటి, నడుస్తున్నది ఇంకొకటి. ఇద్దరు ముగ్గురు బాధ్యత ఉన్నవాళ్లు మిగతావాళ్ల పని కూడా మోస్తుంటారు. ఆన్‌లైన్ ఎంట్రీలన్నీ ఫోన్ బాగా వాడటం వచ్చిన ఒక కుర్ర టీచరు మీద పడతాయి. బదిలీల కౌన్సెలింగ్ రాగానే ముందుగా ఆప్షన్ పెట్టుకుని వెళ్లిపోయేది ఆ ఇద్దరు ముగ్గురే. పని చేయనివాళ్లకు ఆ బడి హాయి, వాళ్లు ఎందుకు కదులుతారు? ‘మంచి సారు’ వెళ్లేనాటికి బడిలో మిగిలేది ఎవరో ఊహించుకోండి.

వదిలేయడానికీ అప్పగించడానికీ తేడా మూడు చోట్ల ఉంటుంది: పేరు, తేదీ, మధ్యలో ఒక చూపు. ‘సైన్స్ ఎగ్జిబిషన్ సంగతి మీరు చూసుకోండి మేడమ్’ అంటే వదిలేయడం. ‘ఎగ్జిబిట్లు ఎంపిక చేసేది మీరే, నన్ను అడగక్కర్లేదు, ఇంత డబ్బు ఉంది, పదో తారీఖున ఒకసారి కూర్చుందాం, ఇరవయ్యో తారీఖుకి సిద్ధం కావాలి’ అంటే అప్పగించడం. అప్పగించాక మధ్యలో వేలు పెట్టకండి. పదో తారీఖున మాత్రం కచ్చితంగా కూర్చోండి. ఆ ఒక్క రోజు మీరు మర్చిపోయారంటే అది మళ్లీ వదిలేయడం కిందికే వస్తుంది.

మేడమ్ గారి మీటింగుల సంగతి. ఉద్దేశం మంచిదే, తప్పంతా ఎంపికలో ఉంది. స్టాఫ్ మోయాల్సిన బరువు ఎక్కడుందో అక్కడ స్టాఫ్‌ని అడగాలి, చాక్‌పీసుల దగ్గర కాదు. మీ బడిలో అలాంటి బరువు అన్నిటికంటే ముందు, సెలవులో ఉన్నవారి క్లాసులు మిగతావారు తీసుకునే అడ్జస్ట్‌మెంట్ పీరియడ్లు. లెక్క చూడండి. ఐదు సెక్షన్లు, రోజుకు ఎనిమిది పీరియడ్లు అంటే నలభై. తొమ్మిదిమంది ఉంటే తలా నాలుగున్నర దాకా వస్తాయి, మూడుకు పైగా లీజర్ (క్లాసు లేని పీరియడ్లు) మిగులుతుంది, అందులోనే నోట్సులు దిద్దాలి. ఇద్దరు సెలవు, ఒకరు ట్రైనింగ్‌కి ఓడీ (ఆన్ డ్యూటీ) అయితే ఆ నలభై ఆరుగురి మీద పడతాయి. ఒక్కొక్కరికి ఆరేడు పీరియడ్లు. ఆ రోజు ఎవరికీ నోట్సు దిద్దే తీరికుండదు, చివరి పీరియడ్‌కి గొంతు ఉండదు. ఇలాంటి రోజులు నెలకు నాలుగైదు వస్తే స్టాఫ్ రూములో లెక్కలు మొదలవుతాయి: ఎవరు ఎన్ని తీసుకున్నారు, ఎవర్ని తప్పించారు.

మొదటాయన దీన్ని ఉదయం కాగితం మీద రాసి అటెండరు చేత పంపేవారు. అందరూ సంతకం పెడతారు, కానీ కొందరు క్లాసుకి వెళ్లి కుర్చీలో కూర్చుంటారు. రెండో ఆయన హయాంలో ఆ పీరియడ్ ఖాళీ, పిల్లలు గ్రౌండులో. మూడో పద్ధతిలో దీన్ని రోజూ చర్చిస్తారు, మొదటి పీరియడ్ సగం అందులోనే పోతుంది. చేయాల్సింది ఇంతే: జూన్‌లో ఒక్కసారి మీటింగ్ పెట్టి నియమాలు స్టాఫ్ చేతే రాయించండి. ఉదాహరణకు, నెల మొత్తంలో తక్కువ అడ్జస్ట్‌మెంట్లు తీసుకున్నవారికి ముందు, వరసగా నాలుగు పీరియడ్లు దాటకూడదు, ముందురోజు చెప్పి సెలవు పెట్టేవారు ఆ క్లాసుకి చేయించాల్సిన పని కాగితం మీద రాసిచ్చి వెళ్లాలి, హెచ్ఎం కూడా వారానికి ఇన్ని అడ్జస్ట్‌మెంట్లు తీసుకుంటారు. తర్వాత రోజువారీ వేసే పని ఒక టీచరుకి అప్పగించి, నెల లెక్క స్టాఫ్ రూములో గోడకి అంటించండి. నియమం అందరిదీ, అమలు ఒకరిది, లెక్క అందరికీ కనిపిస్తుంది. మూడు పద్ధతులూ ఒకే విషయంలో ఎలా ఇమిడాయో గమనించండి. టైంటేబుల్, టెన్త్ స్టడీ అవర్లు ఎవరు ఎప్పుడు, అసెంబ్లీ డ్యూటీ, స్కూల్ గ్రాంటులో మొదట ఏం కొనాలి, ఇవన్నీ ఇదే దారిలో నడపొచ్చు.

మీటింగ్ నడపడం గురించి రెండు మాటలు. ఎజెండా ముందురోజే స్టాఫ్ రూములో పెట్టండి, మూడు అంశాలకు మించొద్దు. నలభై నిమిషాలు, చివరి పీరియడ్‌లో కాదు, బడి వదిలాక. బస్సు టైముందని తొందరపడేవాళ్లు ఉంటారు, మంచిదే, మాటలు తగ్గుతాయి. మినిట్స్ బుక్కులో ‘చర్చించడమైనది, తీర్మానించడమైనది’ అని కాకుండా ఎవరు, ఏం, ఏ తేదీకి అన్నదే రాయించండి. మినిట్స్ ముందే రాసి మీటింగ్ లేకుండా సంతకాలు చేయించుకునే అలవాటు చాలా బడుల్లో ఉంది. అది మొదలైందంటే మీటింగుల పని అయిపోయినట్టే.

కఠినమైన హెచ్ఎం కింద ఏళ్లు గడిపిన స్టాఫ్ మొదటి మీటింగుల్లో నోరు విప్పరు. అది మీ మీద అసహనం కాదు, మాట్లాడినవాడికే పని తగులుతుందని వాళ్లకు అనుభవం నేర్పింది. ఎవరైనా ఒక సలహా ఇవ్వగానే ‘అయితే మీరే చేయండి’ అనకండి, ఆ ఒక్క మాటతో మిగతా ఎనిమిదిమంది మూగబోతారు. చీటీల మీద రాసిమ్మనండి. జూనియర్లతో మొదలుపెట్టి సీనియర్ల వైపు రండి, మీ అభిప్రాయం ఆఖరున చెప్పండి. హెచ్ఎం ముందు చెప్పేస్తే తర్వాత అందరూ ‘సారు చెప్పిందే కరెక్టు’ అంటారు. ముందే నిర్ణయించుకుని ఊరికే అడగడం మాత్రం చేయొద్దు. స్టాఫ్‌కి అది రెండో మీటింగులోనే తెలిసిపోతుంది, నేరుగా ఆర్డరు వేసినా ఇంత కోపం రాదు. నిర్ణయం మీదే అయితే ‘ఇది నా నిర్ణయం, అమలులో ఇబ్బందులేమిటో చెప్పండి’ అనండి. అది నిజాయితీ.

మీరు రాసిన ముగ్గురిలో లేని నాలుగో రకం ఒకటుంది. ఈమధ్య ఎక్కువగా కనిపించేది అదే. పైనుంచి వచ్చిన మెసేజ్‌ని యథాతథంగా స్టాఫ్ గ్రూపులోకి తోసి, కింద ‘ఇమ్మీడియట్’ అని పెట్టే హెచ్ఎం. ఎంఈఓ (మండల విద్యాధికారి) గ్రూపులో సాయంత్రం ఆరున్నరకు ప్రొఫార్మా పడుతుంది, ఆరున్నర దాటి ఒక నిమిషానికి స్టాఫ్ గ్రూపులో పడుతుంది, ఎవరు నింపాలో రాయరు. తొమ్మిదిమందీ చూస్తారు, ఎవరూ నింపరు, లేదా ఇద్దరు రెండు రకాల లెక్కలు పంపుతారు. హెచ్ఎం ఉన్నది ఆ వరదకి అడ్డంగా నిలబడటానికి. వచ్చిన సమాచారంలో సగం మీ టేబుల్ మీద అడ్మిషన్ రిజిస్టర్లో, పాత నివేదికల్లో ఉంటుంది, మీరే నింపొచ్చు. మిగిలినది ఒక్కరి పేరు రాసి, ఏ గడి నింపాలో చెప్పి, మర్నాడు లీజర్ పీరియడ్‌లో చేయించండి. రాత్రి ఎనిమిది తర్వాత గ్రూపులో ఏమీ పెట్టనని మొదటి మీటింగులో చెప్పి, నిలబెట్టుకోండి. ఈ ఒక్క పనికే స్టాఫ్ మీ వైపు వస్తారు, చాలామంది హెచ్ఎంలకు దీని విలువ తెలియదు.

ఇక మనిషిని బట్టి తీరు మారడం. పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో ప్రతిపాదించిన పద్ధతి సారాంశం ఇదే: పని ఎంత వచ్చు, చేయాలన్న మనసు ఎంత ఉంది అన్న రెండూ చూసి, చెప్పి చేయించాలో, ఒప్పించాలో, కలిసి చేయాలో, అప్పగించాలో తేల్చుకోవాలి. తెలంగాణలో 2024 డీఎస్సీ (టీచర్ల నియామక పరీక్ష) 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు వేశారు కాబట్టి మీ స్టాఫ్‌లో కొత్త టీచర్లు ఉండే అవకాశం ఉంది. కొత్తగా వచ్చిన సోషల్ టీచరుకి ‘మీ ఇష్టం మేడమ్, మీరు చూసుకోండి’ అనడం గౌరవం కాదు, నట్టేట వదలడం. యూనిట్ ఎన్ని పీరియడ్లలో అవగొట్టాలి, నోట్సు ఎన్ని రోజులకోసారి దిద్దాలి, పేరెంట్ వచ్చి గొడవపడితే ఎవరి దగ్గరికి పంపాలి అన్నవి విడమరిచి చెప్పాలి. పాతికేళ్ల సర్వీసున్న ఫిజికల్ సైన్స్ టీచరుకి అదే చెబితే అవమానం. ఆయన్ని ఫలితం అడగండి, దారి అడగకండి. పని బాగా వచ్చి మనసు లేనివారు వేరు. వాళ్లకు ఆర్డరూ ఎక్కదు, ట్రైనింగూ ఎక్కదు. విడిగా కూర్చుని కారణం కనుక్కోవాలి. చాలాసార్లు అది ఎప్పుడో అందరి ముందు పడ్డ ఒక మాటో, అన్యాయంగా తగిలిన డ్యూటీయో అయి ఉంటుంది.

మీ బడిలో ఇన్నాళ్లూ ఇన్‌చార్జ్‌గా ఉన్న సీనియర్ అసిస్టెంట్ ఉంటే ముందు ఆయన సంగతి చూసుకోండి. చార్జ్ అప్పగించిన మర్నాటి నుంచి ఆయనకు బడిలో చేయడానికేమీ లేకుండా పోతుంది. ఆ ఖాళీలోంచే వర్గాలు పుడతాయి. పరీక్షల విభాగమో, టెన్త్ కార్యక్రమమో పూర్తిగా ఆయన చేతికివ్వండి, అందరి ముందూ చెప్పి ఇవ్వండి. దాని మీద ఎవరైనా నేరుగా మీ దగ్గరికి వస్తే ‘ఆ సారుని అడగండి’ అని తిప్పి పంపండి. రెండుసార్లు తిప్పి పంపితే చాలు, ఆయనకూ స్టాఫ్‌కీ అర్థమవుతుంది.

పైవన్నీ సరిగ్గా చేసినా పిల్లల చదువు కదలకపోవచ్చు. హెచ్ఎం తీరుకీ పిల్లల ఫలితాలకీ ఉన్న సంబంధం మీద అంతకుముందు వచ్చిన 27 అధ్యయనాలను కలిపి న్యూజిలాండ్‌కు చెందిన వివియన్ రాబిన్సన్ బృందం 2008లో లెక్కగట్టింది. స్ఫూర్తినిచ్చే, మనుషుల్ని కలిపే నాయకత్వం కంటే బోధన మీద నేరుగా దృష్టి పెట్టే నాయకత్వం ప్రభావం మూడు నాలుగు రెట్లు ఎక్కువ అని తేలింది. అందులోనూ అన్నిటికంటే బలంగా కనిపించింది, టీచర్లు నేర్చుకునే చోట హెచ్ఎం తానూ కూర్చుని నేర్చుకోవడం. ఆఫీసు గదిలోంచి నడిచే బడికి, అది కఠినమైనా మెతకైనా, ఇది దొరకదు.

కాబట్టి వారానికి రెండు క్లాసులు చూడండి. తొమ్మిదిమంది కాబట్టి నాలుగైదు వారాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే జులై దాటదు, రిపోర్టులు మింగేస్తాయి. మొదటి చుట్టుకి ఏ రోజు ఎవరి క్లాసో ముందే చెప్పండి, అప్పుడది తనిఖీలా ఉండదు. వెనక బెంచీలో కూర్చోండి, కుర్చీ తెప్పించుకోవద్దు. ఇరవై నిమిషాలకు తగ్గకుండా ఉండండి. టీచర్ని కంటే పక్కన కూర్చున్న పిల్లాడి నోట్సు ఎక్కువ చూడండి. దిద్దిన ఎర్ర గీత కింద పిల్లాడు తప్పు సరిచేసి మళ్లీ రాశాడా, లేక టిక్కు మాత్రమే ఉందా? టీచరు అడిగిన ప్రశ్నలకి చెయ్యెత్తింది ఎప్పుడూ ఉండే ఆ నలుగురేనా? పాఠం మధ్యలో మాట్లాడకండి, పిల్లల ముందు సరిదిద్దకండి. అదే రోజు, పది నిమిషాలు, విడిగా కూర్చోండి. బాగున్నది ఒకటి చెప్పండి, మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పండి. ఐదు చెబితే ఒక్కటీ జరగదు. తర్వాతి చుట్టులో ఆ ఒక్కటే చూడండి. ముందు మీ పాఠం చూడమని ఎవరైనా టీచర్ని పిలిస్తే ఇంకా మంచిది. మీరు లెక్కల మనిషి కాబట్టి తెలుగు క్లాసులో ఏం చూడాలో తెలియదని జంకక్కర్లేదు, పిల్లల నోట్సుకి సబ్జెక్టు తేడా లేదు.

మాట వినని ఒకరిద్దరి గురించి కూడా అడిగారు. మెమో మొదటి ఆయుధం కాకూడదు, అలాగని ఎప్పుడూ తీయని ఆయుధం కూడా కాకూడదు. ముందు విడిగా చెప్పండి, తేదీతో మీ డైరీలో రాసుకోండి. రెండోసారి జరిగితే రాతపూర్వకంగా సూచన. మూడోసారి మెమో, జవాబుకి గడువుతో. ఆ తర్వాత జవాబు జతచేసి ఎంఈఓ ద్వారానో నేరుగానో డీఈఓ గారికి నివేదిక, మీ జిల్లాలో ఏ దారి నడుస్తుందో అది. మెమోలు వీగిపోయేది రాత దగ్గరే. ‘విధుల పట్ల నిర్లక్ష్యంగా, దురుసుగా వ్యవహరిస్తున్నారు’ అని రాస్తే అది మీ అభిప్రాయం, యూనియన్ నాయకుడు రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తారు. ‘ఫలానా తేదీన మూడో పీరియడ్‌లో 8వ తరగతిలో మీరు లేరు, సెలవు గానీ పర్మిషన్ గానీ రిజిస్టర్‌లో లేదు’ అని రాస్తే దానికి జవాబు చెప్పాలి. సమయానికి రావడం, సిలబస్ గడువులో పూర్తిచేయడం, ప్రతి పిల్లవాడి స్థాయి తెలుసుకుని అదనపు బోధన చేయడం, పేరెంట్లకి చెప్పడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 24లోనే టీచరు విధులుగా ఉన్నాయి, మెమోలో ఆ విధిని ఉటంకించండి. ఇంకో సంగతి: మీకు దగ్గరివారికి అదే తప్పుకి మెమో ఇవ్వకపోతే, రెండోవారికి ఇచ్చిన మెమో చెల్లని కాగితమే. యూనియన్ ప్రతినిధుల్ని శత్రువుల్లా చూడొద్దు. నియమాలు రాసే మీటింగ్‌లోనే వాళ్లను కూర్చోబెడితే తర్వాత వాళ్లే ఆ నియమాన్ని కాపాడతారు.

వరసగా చెప్పాలంటే, మొదటి వారం ఏమీ మార్చొద్దు. చార్జ్ లిస్టు ప్రకారం క్యాష్ బుక్, బ్యాంక్ పాస్ బుక్, స్టాక్ రిజిస్టర్లు, బియ్యం నిల్వ, అడ్మిషన్ రిజిస్టర్, సర్వీసు రిజిస్టర్లు చూసుకుని, తేడా ఉంటే అక్కడే రాయించి సంతకం పెట్టండి. తర్వాత పెట్టే సంతకం మీ మెడకే చుట్టుకుంటుంది. రెండో వారం ఒక్కొక్కరితో విడిగా పదిహేను నిమిషాలు: ఈ బడిలో ఏది మారకూడదు, ఏది వెంటనే మారాలి, మీకు నా నుంచి ఏం కావాలి. తొమ్మిదిమందిలో ఐదారుగురు చెప్పిన విషయం ఏదో ఒకటి తేలుతుంది, అది మొదట తీసుకోండి. మూడో వారం మీటింగ్ పెట్టి, నేను తేల్చేవి, కలిసి తేల్చేవి, మీకు వదిలేసేవి అన్న మూడు వరసలు బోర్డు మీద రాయండి. ఏది ఏ వరసలో ఉండాలో వాదించుకోనివ్వండి, ఒకట్రెండు వాళ్ల మాట మీద మార్చండి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీని కూడా ఆ నెలలోనే కలవండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు. వాళ్లను సంతకాలకే పిలిస్తే, సమస్య వచ్చినప్పుడు ఊరి పెద్దలు వస్తారు గానీ తల్లిదండ్రులు రారు.

చివర్లో, మీ ఇంట్లో వారు పనిచేసే ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపాల్ రోజుకో మాట మారుస్తున్నారని రాశారు. అక్కడ లెక్క వేరు. ఆ కుర్చీలో ఉన్నవారికి పెత్తనం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ నిర్ణయాలు స్కూలు నడిపే కరస్పాండెంట్ గారివి, పెద్ద గ్రూపుల్లో అయితే పైనున్న ఏజీఎం, డీన్‌లవి. వీక్లీ టెస్ట్ ర్యాంకులు సోమవారం పైకి వెళ్తాయి, అక్కడ పడ్డ అక్షింతలు మంగళవారం టీచర్ల మీద పడతాయి. మార్కులకీ ఇంక్రిమెంటుకీ ముడిపెట్టే ఈ పద్ధతి మంచి మార్కులొచ్చే పిల్లలుండే పై సెక్షన్లో పనిచేస్తుంది. కింది సెక్షన్ పిల్లల్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే వాళ్ల మీద పెట్టిన శ్రమ ర్యాంకులో కనిపించదు. ఏడాది మధ్యలో టీచర్లు మానేసేది కూడా ఎక్కువగా ఆ సెక్షన్ల నుంచే. అలాంటి ప్రిన్సిపాల్ని మార్చడం టీచరు చేతిలో లేదు. చేతిలో ఉన్నది: వారం షెడ్యూల్ శనివారమే అడిగి తీసుకోవడం, నోటితో మార్చినప్పుడు ‘మీరు చెప్పినట్టు రేపటి టెస్ట్ బుధవారానికి మార్చాను సార్’ అని ఒక మెసేజ్ పెట్టి ఉంచడం, సెక్షన్ మార్కులు చూపేటప్పుడు చేరినప్పటి మార్కులు పక్కన పెట్టి చూపడం. వేసవిలో అడ్మిషన్ల కోసం ఇళ్లకు తిరిగే పని ఉంటుందా, ఎన్ని రోజులు, ఆ నెల జీతం పూర్తిగా ఇస్తారా అన్నవి చేరేటప్పుడే తేల్చుకుని ఆఫర్ లెటర్‌లో రాయించుకోమనండి.